ఓపిక ఎవరి సొత్తు?

స్టాక్ మార్కెట్ కుప్పకూలిన ప్రతిసారీ మన దేశంలో ఒక హితబోధ మొదలవుతుంది. చిన్న మదుపరులు కంగారు పడకూడదట. భయపడి అమ్ముకోకూడదట. దీర్ఘకాలిక దృష్టితో ఓపిక పట్టాలట. 2008లో ఈ మాటే విన్నాము. 2020 మార్చిలోనూ ఇదే విన్నాము. రేపు మరో సంక్షోభం వచ్చినప్పుడు కూడా ఇదే వింటాము. ఆ తర్వాత, సర్వం పోగొట్టుకున్నవాడి గుమ్మం ముందు ఒక తీర్పు చదువుతారు: "నీవు భయపడ్డావు, కనుక నష్టపోయావు."

ఈ తీర్పు అన్యాయమైనదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. చిన్న మదుపరి భయాన్ని అజ్ఞానంగా, బలహీనతగా, దురాశకు ఫలితంగా చిత్రించేవారు ఒక ప్రశ్నను దాటవేస్తున్నారు. ఓపిక పట్టడానికి కావలసిన స్తోమత అతనికి ఎవరిచ్చారు? ఓపిక ఒక సద్గుణమే, సందేహం లేదు. అయితే మార్కెట్‌లో అది సద్గుణం మాత్రమే కాదు, ఆస్తి కూడా. అది కొందరి దగ్గర ఉంటుంది, కొందరి దగ్గర ఉండదు. మన సముదాయంలోని కుటుంబాల దగ్గర అది మరీ తక్కువ. ఎందుకు తక్కువ అన్నదే అసలు చర్చ.

ఒక ఇంటి కథ

మా మామూ కడప జిల్లావారు. పంతొమ్మిదేళ్లు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి 2006లో తిరిగి వచ్చారు. చేతిలో ఆరు లక్షల రూపాయలు ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు మిగిలి ఉన్నాయి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమని తెలిసినవారందరూ చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. సేవింగ్స్ ఖాతాలో పడిన వడ్డీని సైతం లెక్కకట్టి పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేసే మనిషి, వడ్డీ కోసం డబ్బు దాచగలరా? షేరు అంటే వ్యాపారంలో భాగస్వామ్యమనీ, లాభనష్టాలు రెండూ పంచుకోవడమనీ ఎవరో వివరిస్తే, అది తన విశ్వాసానికి సరిపోతుందని నమ్మి అటు వెళ్లారు.

2007 చివరికి ఆ ఆరు లక్షలు కాగితం మీద తొమ్మిది లక్షలయ్యాయి. అప్పుడు బ్రోకరు ఆఫీసులో ఒక సలహా ఇచ్చారు: ఉన్న షేర్లను హామీగా ఉంచితే మరో నాలుగు లక్షల షేర్లు కొనుక్కోవచ్చు, డబ్బు తర్వాత సర్దుబాటు చేసుకోవచ్చు. మామూ సంతకం చేశారు. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. 2008 జనవరి 22న ఆయనకు చెప్పకుండానే నాలుగు లక్షల విలువైన షేర్లు అమ్మి బ్రోకరు తన బాకీ రాబట్టుకున్నాడు. తర్వాత వచ్చిన ఖాతా పట్టీలో "ఆలస్య చెల్లింపు రుసుము" పేరుతో కొంత మొత్తం కోసి ఉంది. రోజుల లెక్కన, శాతం లెక్కన. పంతొమ్మిదేళ్లు ఎడారిలో వడ్డీకి దూరంగా బ్రతికిన మనిషి తెలియకుండానే వడ్డీ కట్టారు. ఆయనను కుంగదీసింది పోయిన డబ్బు కంటే ఈ సంగతే.

మిగిలిన షేర్లను ఆయన అక్టోబరులో అమ్మేశారు. లక్షా ఎనభై వేలు చేతికొచ్చింది. ఆ రోజు ఉదయం ఏదో పత్రికలో ఒక నిపుణుడు, దీర్ఘకాలిక మదుపరులు ఇప్పుడు అమ్మడం అవివేకమని రాశాడు. డిసెంబరులో పెద్దమ్మాయి నికాహ్. షాదీఖానాకు బయానా ఇచ్చారు. ఆ నిపుణుడి సలహా పాటించాలంటే పెళ్లి మూడేళ్లు వాయిదా వేయాలి. ముమానీ ఒకే ఒక్క మాట అన్నారు: "మార్కెట్ ఆగుతుందేమో, పిల్ల వయసు ఆగుతుందా?"

ఆ రోజు మామూ భయపడ్డారా? భయపడ్డారు. అయితే అమ్మింది భయంతో కాదు, అవసరంతో. బయటివారికి ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

2008లో జరిగినదేమిటి?

ఆ సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. 2008 జనవరి 10న సెన్సెక్స్ 21,206 దాకా ఎగబాకింది. సరిగ్గా ఆ వేడిలోనే, జనవరి 15న, రిలయన్స్ పవర్ తొలి పబ్లిక్ ఇష్యూ మార్కెట్‌లోకి వచ్చింది. షేరు ధర 450 రూపాయలు, చిన్న మదుపరులకు 20 రూపాయల తగ్గింపు. ఇష్యూకు 73 రెట్ల దరఖాస్తులు వచ్చాయి. దేశమంతటా లక్షలాది కుటుంబాలు డీమ్యాట్ ఖాతా అన్న మాట మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే. అప్పుచేసి, నగలు కుదువబెట్టి దరఖాస్తు చేసినవారూ ఉన్నారు.

వారం తిరగకుండానే ఆకాశం విరిగిపడింది. జనవరి 21న సెన్సెక్స్ 1,408 పాయింట్లు పడిపోయింది. మరునాడు తెరుచుకున్న కొద్ది నిమిషాలకే పది శాతం పతనమై లావాదేవీలను గంటసేపు నిలిపివేయవలసి వచ్చింది. ఫిబ్రవరి 11న రిలయన్స్ పవర్ షేరు మార్కెట్‌లో నమోదైంది. మొదటి రోజు ముగింపు ధర 372 రూపాయల 50 పైసలు. సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. అక్టోబరు 27న మన సెన్సెక్స్ ఒక దశలో 7,697కు దిగజారింది. పది నెలల్లో మూడింట రెండు వంతుల దాకా విలువ ఆవిరైపోయింది.

ఈ పతనంలో ముందుగా, ఎక్కువగా అమ్మినవారెవరు? విదేశీ సంస్థాగత మదుపరులు. ఆ ఒక్క సంవత్సరంలో వారు మన షేర్ల మార్కెట్ నుంచి నికరంగా 50 వేల కోట్ల రూపాయలకు పైగా వెనక్కి తీసుకున్నారు. వారి స్వదేశాల్లో వారి ఖాతాదారులు డబ్బు అడిగారు, అక్కడ బ్యాంకులు అప్పులివ్వడం మానేశాయి, అందుకని ఇక్కడ అమ్ముకుని వెళ్లారు. అంటే వారు చేసిందీ అవసరానికి అమ్ముకోవడమే. అయినా వారి అమ్మకాన్ని ఎవరూ పిరికితనమనలేదు. ఆర్థిక పత్రికల భాషలో దానికి "నష్టభయ నిర్వహణ" అని పేరు. కడపలో ఒక డ్రైవరు అదే పని చేస్తే దానికి "పానిక్" అని పేరు. ఒకే చర్యకు రెండు పేర్లు పెట్టే ఈ నిఘంటువు ఎవరి చేతిలో తయారైందో వేరే చెప్పాలా?

మరొక సంగతి. హామీ మీద కొన్నవారి షేర్లను వారు అమ్మలేదు, వారి తరఫున అమ్మేశారు. ధర పడగానే హామీ విలువ తగ్గుతుంది. అదనపు సొమ్ము కట్టమని బ్రోకరు ఫోను చేస్తాడు. కట్టలేకపోతే షేర్లను మార్కెట్‌లో పడేస్తాడు. ఆ అమ్మకాలతో ధర ఇంకా పడుతుంది. అప్పుడు మరొకరి హామీ చాలకుండా పోతుంది. ఈ గొలుసులో మదుపరి మనఃస్థితికి చోటెక్కడ? అతను ఎంత గుండె నిబ్బరం గలవాడైనా ఫలితం ఒకటే.

"పట్టుకుని కూర్చున్నవారు బాగుపడ్డారు కదా?"

ఈ ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కోవాలి. నిజమే, 2009 మే 18న ఎన్నికల ఫలితాల తర్వాత సెన్సెక్స్ ఒక్కరోజులో 2,110 పాయింట్లు పెరిగింది. 2010 నవంబరులో దీపావళి నాటికి మళ్లీ 21,000 చేరింది. 2020 మార్చి 23న 3,934 పాయింట్లు పడిన సూచీ, ఆ ఏడాది ముగియక ముందే పాత శిఖరాన్ని దాటింది. కనుక ఓపిక పట్టమన్న సలహా సూచీ విషయంలో తప్పు కాదు. దాన్ని నేను కాదనడం లేదు.

నేననేది ఇది. మొదటిది, 2008 జనవరి నుంచి 2010 నవంబరు దాకా దాదాపు మూడేళ్లు. నెల జీతం వచ్చే ఇంట్లో, పింఛను ఉన్న ఇంట్లో, అద్దె వచ్చే ఇంట్లో మూడేళ్లు ఆగవచ్చు. పంచరు దుకాణం నడిపేవాడు, పండ్ల బండి తోసేవాడు, దర్జీ పని చేసేవాడు, గల్ఫ్ నుంచి వచ్చేసినవాడు దేని ఆసరాతో ఆగుతాడు? రెండవది, చిన్న మదుపరి సూచీని కొనలేదు, ఒక్కొక్క కంపెనీ షేరును కొన్నాడు. సూచీలో చచ్చిన కంపెనీని తీసేసి బ్రతికిన కంపెనీని పెడతారు. మన ఇంట్లోని షేరు సర్టిఫికెట్‌కు ఆ సౌకర్యం లేదు. 450 రూపాయలకు అమ్మజూపిన ఆ రిలయన్స్ పవర్ షేరు, మధ్యలో ఇచ్చిన బోనస్ షేర్లను లెక్కలోకి తీసుకున్నా కోలుకోలేదు. 2020 మార్చిలో అది రెండు రూపాయల లోపుకు పడిపోయింది. పన్నెండేళ్ల ఓపికకు దక్కిన ప్రతిఫలమది.

మూడవది మన హైదరాబాద్ కథ. సత్యం కంప్యూటర్స్ షేరు కొన్న తెలుగువాడు దురాశాపరుడేమీ కాదు. పక్క ఊరి పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న కంపెనీ. ఉత్తమ కార్పొరేట్ పాలనకు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న కంపెనీ. అంతర్జాతీయంగా పేరున్న ఆడిటర్లు ఏటా లెక్కలపై సంతకం చేసిన కంపెనీ. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు స్వయంగా లేఖ రాసి, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకున్నాడు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గర ఆగింది. 2008 అంతా భయపడకుండా పట్టుకుని కూర్చున్నవాడికి దక్కింది ఇదీ! అతనికి ఓపిక లేదని ఎవరనగలరు? లేనిది అతని ఓపిక కాదు, వారి నిజాయితీ.

మూసిన తలుపులు

ఇక మన సముదాయానికి సంబంధించిన సంగతి. సంక్షోభం అందరినీ తాకుతుంది. కాని అందరూ ఒకే చోట నిలబడి లేరు. వడ్డీని నిషిద్ధంగా భావించే కుటుంబానికి పొదుపు చేసుకునే దారులు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ లేదు. పోస్టాఫీసు పథకాలు లేవు. ప్రభుత్వ బాండ్లు లేవు. సాధారణ భారతీయ కుటుంబానికి తుఫానులో ఆశ్రయమిచ్చేవన్నీ ఇవే. అవి పోగా మిగిలేవి మూడు: బీరువాలో బంగారం, మార్కెట్‌లో షేరు, "హలాల్" అని బోర్డు పెట్టుకున్న ప్రైవేటు కంపెనీ. మొదటిది పెరుగుతుందో లేదో తెలియదు, దొంగల భయం ఉంటుంది. రెండవది కూలినప్పుడు కింద వల లేదు. మూడవది పెద్ద మోసమని తర్వాత తేలుతుంది.

అప్పు దొరికే విషయంలోనూ ఇంతే. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా ఉండే ప్రాంతాలను రుణాలకు అనుకూలం కాని మండలాలుగా గుర్తించి పెట్టుకున్నాయని బయటపెట్టింది. కష్టకాలంలో బ్యాంకు ఆదుకోదని తెలిసినవాడు, సంక్షోభం రాగానే ఉన్నదంతా అమ్ముకుని నగదు చేతిలో పెట్టుకోవడం తెలివిలేనితనమా? అతని స్థానంలో ఉంటే ఆ హితబోధకులు ఏం చేసేవారు?

ఈ పరిస్థితికి మందు ఏమిటో ప్రభుత్వానికి తెలియక కాదు. లేమన్ కూలిన ఆ 2008 సెప్టెంబరు నెలలోనే రఘురాం రాజన్ అధ్యక్షతన ఏర్పడిన ఆర్థికరంగ సంస్కరణల కమిటీ తన నివేదిక సమర్పించింది. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను అనుమతించాలని, విశ్వాస కారణాలతో బ్యాంకులకు దూరంగా ఉన్నవారికి అది అవసరమని ఆ కమిటీ స్పష్టంగా సిఫారసు చేసింది. 2014 డిసెంబరులో స్టేట్ బ్యాంక్ మ్యూచువల్ ఫండ్ సంస్థ ఒక షరియా ఈక్విటీ ఫండ్ ప్రారంభిస్తామని ప్రకటించి, చివరి ఘడియలో వాయిదా వేసింది. 2015 డిసెంబరులో దీపక్ మొహంతి కమిటీ, సాధారణ బ్యాంకుల్లోనే వడ్డీ లేని ప్రత్యేక విభాగాలు తెరవవచ్చని రిజర్వు బ్యాంకుకు సూచించింది. 2017లో ఒక సమాచార హక్కు దరఖాస్తుకు జవాబుగా రిజర్వు బ్యాంకు చెప్పినదేమిటంటే, ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్లబోమని. కారణం, బ్యాంకింగ్ సేవలు పొందే విస్తృతమైన, సమానమైన అవకాశాలు పౌరులందరికీ ఉన్నాయట!

సమాన అవకాశాలు! ఒక ద్వారం తెరిచి ఉంచి, ఆ ద్వారం గుండా మీరు రాలేరని తెలిసి, అందరికీ తెరిచే ఉంది కదా అనడం సమానత్వమా? ఇక్కడ మనం అడుగుతున్నది రాయితీ కాదు, దానం కాదు, ప్రత్యేక నిధి అంతకన్నా కాదు. మన డబ్బును మన విశ్వాసానికి అనుగుణంగా, చట్టం నీడలో, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో దాచుకునే వీలు మాత్రమే. వడ్డీ వ్యాపారుల చేతుల్లో నలిగే ఇతర పేదలకూ ఆ తలుపు తెరుచుకుంటుంది.

తలుపు మూసినచోట దొంగ కన్నం వేస్తాడు. బెంగళూరులో ఐ మానిటరీ అడ్వయిజరీ అనే సంస్థ హలాల్ పెట్టుబడి పేరుతో వేలాది ముస్లిం కుటుంబాల నుంచి డబ్బు సేకరించింది. 2019 జూన్‌లో దాని యజమాని దేశం విడిచి పారిపోయాడు. ఆ సంస్థ కార్యాలయం ముందు బారులు తీరిన బురఖా స్త్రీలను, వృద్ధులను దేశమంతా టీవీల్లో చూసింది. అంతకు ఏడాది ముందు హైదరాబాద్‌లోనూ అలాంటి వివాదమే బయటపడి, వేలాది కుటుంబాలు పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగాయి. ఈ బాధితుల్లో ఎంతోమంది, షేరు మార్కెట్ నమ్మదగినది కాదని, "మనవాళ్ల" కంపెనీ మేలని నమ్మి వెళ్లినవారే. ఒక సంక్షోభం నుంచి పారిపోయి మరొక గోతిలో పడ్డారు.

మనలో మనం

ఇంతవరకు ఇతరులను నిలదీశాము. ఇప్పుడు మనవైపు చూసుకోవాలి.

నష్టపోయిన కుటుంబాన్ని చూసి, "షేర్లు జూదం, అందుకే శిక్ష పడింది" అనేవారు మన మధ్య ఉన్నారు. సోదరులారా, ఈ మాట ధర్మమూ కాదు, నిజమూ కాదు. నిషిద్ధ వ్యాపారాలు చేయని, అప్పుల మీద, వడ్డీ ఆదాయం మీద నడవని కంపెనీలో వాటా కొని లాభనష్టాలు పంచుకోవడాన్ని సమకాలీన ధార్మిక పండితులు ఎందరో షరతులతో అనుమతించారు. ఆ షరతుల విషయంలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. అవి ఉండగా బాధితుడిపై శిక్ష విధించే అధికారం మనకెవరిచ్చారు? ఓదార్పుతో పాటు అప్పు తీర్చే దారి చూపవలసినచోట తీర్పు చెప్పి పోవడం మన సంప్రదాయం కాదు.

అయితే వ్యాపార భాగస్వామ్యానికీ జూదానికీ మధ్య గీత ఉంది. ఆ గీతను మన యువకులు ఇప్పుడు రోజూ దాటుతున్నారు. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ అనే ఆట మొబైల్ ఫోనులోకి వచ్చేసింది. ఇందులో కంపెనీలో వాటా కొనరు. ఫలానా రోజుకు ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాస్తారు. సెబీ 2023 జనవరిలో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22లో ఈ విభాగంలో లావాదేవీలు జరిపిన వ్యక్తుల్లో 89 శాతం మంది నష్టపోయారు. 2024 సెప్టెంబరులో అదే సెబీ మరింత విస్తృతమైన లెక్క ఇచ్చింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో కోటి మందికి పైగా వ్యక్తులు ఈ ఆట ఆడగా 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించింది. 2023-24లో ఆడినవారిలో 43 శాతం మంది 30 ఏళ్ల లోపువారు. నాలుగింట మూడు వంతులకు పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపేనని ప్రకటించినవారు. ఆ డబ్బంతా గాలిలో కలిసిపోలేదు. అదే సంవత్సరం సొంత ఖాతాలపై వ్యాపారం చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ సంస్థాగత మదుపరులు 28 వేల కోట్లు స్థూల లాభం సంపాదించారు.

ఇక్కడ నేను "ఓపిక" మాట ఎత్తను. ఇందులో ఓపికకు అర్థమే లేదు, ఎందుకంటే గడువు తీరగానే కాగితం సున్నా అవుతుంది. యాప్‌లో అప్పు తీసుకుని ఈ పందెం కాసే కుర్రవాడు వడ్డీని, జూదాన్ని ఒకే సంతకంతో ఇంట్లోకి తెస్తున్నాడు. అతన్ని ఆపవలసినది ముందు ఇల్లు, తర్వాత మహల్లా. ప్రభుత్వం బాధ్యత ఆ తర్వాత మొదలవుతుంది గాని, అది కూడా ఉంది. పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతారని తన లెక్కల్లోనే చూపించిన నియంత్రణ సంస్థ, ఆ ఆటను చిన్నవారి చేతికి అందనీయడాన్ని ఏ విధంగా సమర్థించుకుంటుంది?

ఏం చేయాలి?

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. రాజన్, మొహంతి కమిటీల సిఫారసులను తిరిగి తెరిచి వడ్డీ లేని విభాగాలకు అనుమతి ఇవ్వాలి. మదుపరి సంతకం పెట్టే ప్రతి కాగితం, ముఖ్యంగా హామీ, ఆలస్య రుసుము, బలవంతపు అమ్మకం గురించిన షరతులు, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. అర్థం కాని భాషలో తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు. డిపాజిటర్ల రక్షణ కోసం 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం ఉంది. 2019లో కేంద్రం చేసిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఉంది. మోసం బయటపడ్డాక ఆస్తులు జప్తు చేసి ఏళ్ల తరబడి వేలం వేయకుండా ఉంచడం బాధితులను రెండోసారి మోసగించడమే. గడువు పెట్టి డబ్బు తిరిగి ఇప్పించాలి.

మనం మన చేతులతో చేయగలిగినవి కూడా తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో వడ్డీ లేని రుణాలిచ్చే సొసైటీలు, బైతుల్‌మాల్‌లు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. అవి నగరంలోని కొన్ని పేటలకే ఎందుకు పరిమితం కావాలి? కడపలో, కర్నూలులో, గుంటూరులో, నిజామాబాద్‌లో ప్రతి పెద్ద మస్జిద్ పరిధిలో, రిజిస్టరైన, ఏటా లెక్కలు బహిరంగంగా చదివే ఒక సొసైటీ ఉంటే, సంక్షోభం వచ్చిన నెలలో పెళ్లి ఖర్చుకో ఆసుపత్రి ఖర్చుకో షేర్లు తెగనమ్ముకునే దుస్థితి తప్పుతుంది. ఓపికను ఉపన్యాసంతో ఇవ్వలేము. అప్పు రూపంలో ఇవ్వగలము.

కుటుంబాలకు నాలుగు మాటలు. మూడేళ్లలోపు అవసరమయ్యే సొమ్ము, అంటే పెళ్లి, చదువు, హజ్ కోసం దాచినది, షేర్లలో పెట్టకండి. అప్పు చేసిగాని, నగలు కుదువబెట్టిగాని, ఉన్న షేర్లను హామీ ఉంచిగాని షేర్లు కొనకండి. నెలనెలా ఇంత లాభం ఖాయమని చెప్పే ఏ సంస్థనూ, దాని యజమానికి ఎంత పొడుగు గడ్డం ఉన్నా, ఎంతమంది పెద్దలు దాని వేదిక ఎక్కినా, నమ్మకండి. ఎందుకంటే నిజమైన వ్యాపారంలో లాభం ఖాయం కాదు, ఖాయమైన లాభం వ్యాపారం కాదు. ఇంటి ఆడవారికి తెలియకుండా వారి మహర్ సొమ్మును, నగలను ఏ ఖాతాలోనూ వేయకండి. నష్టం వచ్చిన రోజున దాచినది బయటపడేది వారి ముందే.

మా మామూ ఇప్పుడు లేరు. రెండో అమ్మాయి పెళ్లికి ముమానీ తన నగలు అమ్మారు. ఆ బ్రోకరు ఖాతా పట్టీని మామూ చివరిదాకా ఖుర్‌ఆన్ ఉన్న అలమారాలో కాకుండా, కింది అరలో, కరెంటు బిల్లుల మధ్య దాచుకున్నారు. "ఆలస్య చెల్లింపు రుసుము" అన్న పంక్తి కింద ఎర్ర సిరాతో గీత గీసి, కట్టిన మొత్తాన్ని పక్కన రాసుకున్నారు. దానికి తాను తౌబా చేసుకున్నానని ముమానీతో చెప్పేవారట.

ఆయన తౌబా చేసుకున్నారు. ఆ కాగితాన్ని అర్థం కాని భాషలో ఆయన ముందు పెట్టినవారు, అలాంటి కాగితం తప్ప మరో దారి లేకుండా ఆయన ముందు తలుపులు మూసినవారు ఇంతవరకు ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ జవాబు రాబట్టే బాధ్యత ఇప్పుడు మనది.